ఇంజను నంబరు

"ఇది బండి కాదు, మోసం," అంటూ మాస్టారు నీలం కారు బానెట్‌ని దబ్బున మూసేశారు.

షెడ్డు రేకులు అదిరాయి. మెకానిక్ చేతిలో టీ గ్లాసు తొణికింది. తలుపు దగ్గర స్టూలు మీద కూర్చున్న మాస్టారి భార్య మాత్రం కదల్లేదు. నలభై ఏళ్ళ కాపురంలో ఇలాంటి చప్పుళ్ళు ఎన్ని విందో.

"ఏమైంది మాస్టారూ?"

"ఇంజను మీద నంబరు ఒకటి, కాగితాల్లో నంబరు ఇంకొకటి. నా కళ్ళలో దుమ్ము కొడదామనుకున్నావా?"

"దాచలేదండీ, అడిగితే చెప్పేవాణ్ణే. దీని ఇంజను పదేళ్ళ క్రితమే పగిలిపోయింది. ఇదే రకం బండి ఇంకోటి, మీద గోడ కూలి నుజ్జయింది. ఇంజనుకి మాత్రం ఏమీ కాలేదు. తెచ్చి దీనికి బిగించాను. అతికినట్టు సరిపోయింది."

"అదే నేననేది. అతుకు అతుకే."

పాత కార్ల వాళ్ళందరూ ఆయన్ని 'ఒరిజినల్ మాస్టారు' అనేవాళ్ళు. జీవితమంతా లెక్కలు చెప్పిన మనిషి. అంకె తప్పితే ఒళ్ళు మండిపోయేది. ప్రదర్శనల్లో ఎవరి కారుకైనా కొత్త స్క్రూ ఒక్కటి కనిపించిందా, ఆ కారాయన ఆ పూట అన్నం తిన్నట్టే. అలాంటి మనిషి ఎనిమిదేళ్ళ క్రితం ఉన్న కారు అమ్మేసి, ఈ సరదాకే దండం పెట్టేశారు. ఒంట్లో బాగాలేదట అని చెప్పుకున్నారు గానీ, ఏమైందని అడిగిన వాళ్ళని ఆయన కసిరి పంపేవారు. ఇప్పుడు మళ్ళీ కారు కొంటానని బయల్దేరారు. అదే భూతద్దం, అదే టార్చి, లప్పం పూసి కప్పేసిన సొట్టల్ని పట్టుకునే అదే అయస్కాంతం. ఆయన కోపానికి కూడా ఎక్కడా తుప్పు పట్టలేదు.

"ఆ మాస్కు పైకి లాక్కోండి, దుమ్ము," అంది ఆవిడ.

"ఉండు. ఇక్కడింత ఘోరం జరుగుతుంటే మాస్కు గోలేంటి?"

మెకానిక్ మూలనున్న నల్ల కారు మీద గుడ్డ లాగాడు. మాస్టారు తలుపుల వెంట అయస్కాంతం జరిపారు. ఎక్కడా జారిపడలేదు. వంగి భూతద్దంతో ఇంజను నంబరు చదివారు. కాగితాలతో కలిసింది. ఆయన మొహం విప్పారింది.

"ఇదీ బండంటే. ఒక్క పరాయి ముక్క లేదు."

"కానీ కదలదండీ. ఇంజను బిగుసుకుపోయి పదిహేనేళ్ళయింది. నడవాలంటే లోపల సగం మార్చాలి. మీరేమో మార్చనివ్వరు."

"మార్చనివ్వను. కదలకపోతే పోనీ. ఇంటి ముందు నిలబెట్టి చూసుకుంటాను. దాని పరువు దానికుంటుంది."

ఆవిడ నడుం ఎడమవైపు చెయ్యి ఆనించుకుని మెల్లగా లేచింది.

"చూసుకోవడానికా? మరి నాకిచ్చిన మాట?"

"ఏం మాట?"

"మంచంలో ఉన్నప్పుడు ఏమన్నారు? లేచి తిరిగితే నిన్ను పాత కార్లో సముద్రం దాకా తీసుకెళ్తానన్నారా లేదా? ఆరేళ్ళయింది. నోరు మూసుకుని ఎదురుచూస్తున్నాను. ఆ నీలం బండయితే రేపే వెళ్ళొచ్చు."

"దాంట్లోనా? తెలిసినవాళ్ళు చూస్తే నవ్విపోతారు."

"నడుస్తోంది కదండీ."

"నడిస్తే సరిపోయిందా? ఇంకోదాని ఇంజను పెట్టుకుని ఊరేగడానికి సిగ్గుండాలి. పరాయి సొత్తుతో బతికే బతుకూ ఒక బతుకేనా? దానికంటే తుప్పుపట్టి పోవడం నయం."

మెకానిక్ గ్లాసు కింద పెట్టేశాడు. ఆవిడ కళ్ళు ఎర్రబడ్డాయి. చూస్తే అతనికే భయమేసింది.

"ఆ మాట ఇంకోసారి అనండి."

"ఏ మాట?"

"పరాయి సొత్తుతో బతికే బతుకన్నారే, అదే. నా మొహం చూసి అనండి."

మాస్టారు నోరు తెరిచారు. అంతలో ఆయన చేతి గడియారం మోగింది. పదయింది. రోజూ పదింటికి మోగేదే. ఆవిడ సంచిలోంచి మాత్రలు తీసి, విసురుగా ఆయన అరచేతిలో పెట్టింది. నీళ్ళ సీసా మూత తిప్పి అందించింది.

"ముందు ఇవి మింగండి. తర్వాత తీరిగ్గా అందురుగాని," అంది.

మాస్టారు మాత్రల వంక చూశారు. ఆవిడ వంక చూశారు. ఆవిడ రెండో చెయ్యి ఇంకా నడుం మీదే ఉంది. ఆయన తల వంచుకుని మాత్రలు మింగారు. తర్వాత భూతద్దం, అయస్కాంతం జేబులో పడేశారు.

"నీలం బండి తాళం ఇటివ్వవయ్యా."

"నంబరు కలవలేదన్నారు కదండీ?"

"కలవకపోతే నీకేం? నడుస్తోందిగా."

ఇందాక దబ్బున మూసిన బానెట్‌ని చొక్కా అంచుతో తుడిచారు. ముందు తలుపు భార్య కోసం తెరిచిపెట్టి, అటువైపు తిరిగి వెళ్ళి స్టీరింగు ముందు కూర్చున్నారు. ఇంజను ఒక్క తిప్పుకే అందుకుంది.

మెకానిక్‌కి మతిపోయింది. కారెక్కబోతున్న ఆవిడ దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు.

"ఒక్క స్క్రూ తేడా వచ్చినా ఊరుకోని మనిషి. గంట నుంచి నేను మొత్తుకున్నా వినలేదు. ఏం మంత్రం వేశారమ్మా?"

ఆవిడ కళ్ళు తుడుచుకుంది.

"మంత్రమూ లేదు, మాయా లేదు బాబూ. ఆయన ఒంట్లో పనిచేసే కిడ్నీ నాది."