దిండు మీద గుంట

“ఈ ఫొటోలో నేనూ ఉండాలే!” అన్నాడు భర్త, సోఫాలోంచి ల్యాప్‌టాప్ మీదికి వంగి.

ఇళ్ల లోపలి అలంకరణ ఆమె వృత్తి. తన పనితనం చూపించే వెబ్‌సైట్‌ను ఏఐ చేత తయారుచేయిస్తోంది. మొదటి పేజీకి సొంత హాలు ఫొటోనే ఇచ్చింది.

“అనవసరమైనవి తీసెయ్యమన్నానండీ. తీసేసింది.”

“చెప్పుల స్టాండూ, చీపురూ, నేనూనా?”

“దానికేం తెలుసు మీరెవరో?”

“నా టీ కప్పు మాత్రం ఉంచిందే!”

“కర్టెన్ల రంగుకి కలిసింది మరి.”

అతను ఫొటో కింద వాక్యం పైకి చదివాడు. “‘ఒంటిచేత్తో తీర్చిదిద్దిన ఇల్లు.’ మరి ఈ సోఫాని గోడగోడకీ జరిపిందెవరు?”

“అలా రాస్తేనే నలుగురూ పిలుస్తారండీ.”

అతను లేచి వంటింట్లోకి వెళ్లిపోయాడు.

ఆమె ఫొటోను పెద్దది చేసి చూసింది. ఖాళీ సోఫాలో దిండు మీద గుంట పడి ఉంది. చూడ్డానికి బాగాలేదు. ‘ఈ గుంట సరిచెయ్యి’ అని టైపు చేసింది.

వెంటనే జవాబొచ్చింది. ‘తప్పకుండా. ఇక్కడ రోజూ ఎవరో కూర్చుంటున్నట్టుంది. గుంట తీసేయమంటారా, సరిపోయే మనిషినొకరిని కూర్చోబెట్టమంటారా?’

ఆమె తలెత్తి పక్కనున్న సోఫా చూసింది. అతను లేచి వెళ్లిన చోట అదే గుంట.

“ఏమండీ, ఓసారి ఇలా రండి” అని పిలిచింది. గొంతు ఎందుకో మెత్తబడింది.

వంటింట్లోంచి జవాబొచ్చింది. “వస్తున్నా. సోఫా ఎటు జరపాలి?”