సైరన్ మోగలేదుగా

“లేవండి, వెళ్దాం,” అన్నాడు అల్లుడు.

అత్తగారు అప్పుడే బండ మీద దుప్పటి పరిచి, మోకాళ్ళు పట్టుకుని, అమ్మయ్య అనుకుంటూ కూలబడింది. రెండు కొండల మధ్య అడవిలో గంటన్నర నడిచి వచ్చారు. పిల్లాపాపలతో హాయిగా నడవగలిగే దారి అని మొదట్లోనే బోర్డు పెట్టారు గానీ, ఆ బోర్డు రాసినవాడికి మోకాళ్ళ నొప్పులు లేనట్టున్నాయి. దారి చివర ఏరు. ఏట్లో వరసగా పదకొండు రాళ్ళు. వాటి మీద అడుగులేసుకుంటూ వస్తే ఏటి నడుమ ఈ బండ.

“ఇప్పుడేగా కూర్చున్నాం. ఫ్లాస్కు మూతైనా తియ్యలేదు,” అంది అతని భార్య.

“ఒడ్డుకెళ్ళి తాగుదాం. అక్కడ నీడ ఉంది.”

“ఇక్కడ గాలి ఉంది.”

అల్లుడు ఏటి వైపు చూశాడు. ఇందాక వచ్చేటప్పుడు అడుగున గులకరాళ్ళు కనిపించాయి. ఇప్పుడు నీళ్ళు మట్టి రంగుకు తిరిగాయి. ఎండుటాకులు, పుల్లలు గుంపులు గుంపులుగా కొట్టుకొస్తున్నాయి. ఇక్కడ నెత్తిన ఎండ మండుతుంటే ఎగువ కొండల మీద మాత్రం మబ్బు నల్లగా దిగబడి ఉంది.

“పైన గట్టి వాన పడుతోంది,” అన్నాడు.

“పైన పడితే మనకేంటి బాబూ? ఆపడానికి ఆనకట్ట ఉందిగా. నీళ్ళు వదలాల్సొస్తే ముందు మూడుసార్లు సైరన్ మోగిస్తారు. ఆ సంగతి మీకు నేను చెప్పాలా?” అంటూ అత్తగారు బిస్కెట్ల పొట్లం విప్పింది.

అల్లుడు తేలు కుట్టిన దొంగలా జేబులోంచి ఫోన్ తీసి అటు తిప్పాడు, ఇటు తిప్పాడు, చెయ్యెత్తి ఆకాశానికి చూపించాడు. లోయలోకి దిగినప్పటి నుంచీ సిగ్నల్ లేదు. ఇప్పుడూ లేదు.

“నాన్నా, తొమ్మిదే ఉన్నాయి,” అంది చిట్టి.

“ఏంటమ్మా?”

“రాళ్ళు. వచ్చేటప్పుడు పదకొండు లెక్కపెట్టాను.”

“చిట్టితల్లికి లెక్కలు రావు. అంతా నాన్న పోలికే,” అని మనవరాలి నోట్లో బిస్కెట్ పెట్టింది అత్తగారు.

ఈ ఆడవాళ్ళని ఎలా లేపాలో అల్లుడికి తోచలేదు. ఉన్నమాట చెప్పేస్తే సరిపోతుంది. కానీ ఆ మాట మింగలేడు, కక్కలేడు.

“బండ కింద పాము ఉంది. ఇప్పుడే చూశాను,” అన్నాడు చివరికి.

“ఉంటే ఉండనివ్వండి. మనం దానింటికి వచ్చాం గానీ అది మనింటికి రాలేదుగా,” అంది అత్తగారు.

“ఏదీ? నేనూ చూస్తా,” అని చిట్టి బండ అంచుకి పరిగెత్తి నీళ్ళ మీదికి వంగింది. అల్లుడు ఒక్క గెంతు వేసి, రెక్క పట్టుకుని వెనక్కి లాగాడు. రెక్క నొప్పెట్టి పిల్ల ఏడుపు లంకించుకుంది.

భార్యకు ఒళ్ళు మండింది. పిల్లని లాక్కుని ఒళ్ళో కూర్చోబెట్టుకుంది.

“ఏమయింది మీకివాళ? ఒక్కరోజు మాతో ఉంటానని మీరే అన్నారు. కూర్చుని పది నిమిషాలు కాలేదు, కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నారు. మాతో కూర్చోవడం అంత కష్టంగా ఉందా?”

“అది కాదు. ముందు లెయ్యి. దారిలో చెప్తాను.”

“ఇక్కడే చెప్పండి.”

“నీళ్ళు పెరుగుతున్నాయి. కనబడటం లేదా?”

“కాస్త పెరిగితే కొంప మునిగిందా? సైరన్ మోగలేదుగా. అటు చూడండి,” అని దిగువకి చెయ్యి చూపించింది.

అతను చూశాడు. చూడకుండా ఉంటే బాగుండేది. ఏటి పొడుగునా, వంపు తిరిగేదాకా, బండల మీదా ఇసుక మీదా కుటుంబాలే. ఒకాయన చంటిపిల్ల కాళ్ళు నీళ్ళలో ముంచి ఆడిస్తున్నాడు. పదిమంది పిల్లలు ఇసుకలో గుంటలు తవ్వుకుంటున్నారు. ఒక ముసలాయన కండువా మొహం మీద వేసుకుని నిద్రపోతున్నాడు.

“అంతమందిలో ఒక్కరైనా లేచారా? వాళ్ళందరికీ తెలివి లేదు, మీ ఒక్కరికే ఉందా?”

అల్లుడు రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని కేకేశాడు. “ఒడ్డుకెళ్ళిపోండి. నీళ్ళొస్తున్నాయి.”

గుంటలు తవ్వే పిల్లలు తలెత్తి చూశారు. చంటిపిల్ల తండ్రి చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, ఏమీ వినబడలేదన్నట్టు తలూపి, సైరన్ మోగలేదులే అన్నట్టు చెయ్యి ఊపేసి, మళ్ళీ పిల్ల కాళ్ళు ముంచాడు.

అప్పటిదాకా కిచకిచలాడుతున్న పిట్టలు ఎప్పుడు ఆగిపోయాయో ఎవరూ గమనించలేదు. ఎగువ నుంచి సన్నటి రొద మొదలైంది. దూరంగా ఎక్కడో బరువు లారీ ఘాట్ రోడ్డు ఎక్కుతున్నట్టుంది. అత్తగారు నములుతున్న బిస్కెట్ ఆపేసింది.

“నాలుగే ఉన్నాయి నాన్నా,” అంది చిట్టి వెక్కుతూ.

అత్తగారు ఈసారి పిల్లని వెక్కిరించలేదు. చెయ్యి ఆనించి లేవబోయి, మోకాళ్ళు సహకరించక మళ్ళీ కూలబడింది. “ఇదేం చోద్యం బాబూ? సైరన్ మోగించకుండా గేట్లు ఎవరు ఎత్తుతారు?”

అల్లుడు ఆమెని రెండు చేతులతో పట్టి లేపుతూ చెప్పాడు.

“ఎవరూ ఎత్తక్కర్లేదు అత్తయ్యగారూ. నిండితే గేట్లు వాటంతటవే లేస్తాయి. సైరన్‌కే మనిషి కావాలి.”

భార్య చిట్టిని భుజానికెత్తుకున్నదల్లా ఆగిపోయింది. మొగుడి మొహంలోకి చూసింది.

“మీ బదులు ఇంకొకర్ని కూర్చోబెట్టి వచ్చానన్నారుగా?”

అల్లుడు ఒక చెయ్యి జేబులో పెట్టి, పైకి తీసి గుప్పిట విప్పాడు. సైరన్ గది తాళంచెవి.