నల్లబల్ల మీద భాను

చనిపోయిన మనిషి గుమ్మంలో నిలబడి పిలిస్తే మీరు పలుకుతారా?

భద్రాచలంలో శ్రీధర్ సారు ఇంటర్ పిల్లలకు ఫ్రెంచి ట్యూషన్ చెబుతారు. ఆ భాషలో స్త్రీ గురించి రాస్తే మాట చివర ఒక అక్షరం చేర్చాలట. అందుకు ఆయన ఏటా రాసే ఉదాహరణ ఒక్కటే: "నా కూతురు చనిపోయింది."

ఇవాళ పాస్టరుగా నేను ఆయన ఇంటికి ప్రార్థనకు వెళ్లేసరికి నల్లబల్ల మీద అదే రాస్తున్నారు. పిల్లలు జాలిగా తలలు వంచుకున్నారు. నేను ఓదార్పు వాక్యం వెతుకుతున్నాను.

"నాయినా! నేను, భానుని."

గుమ్మంలో బక్కచిక్కిన ఆడమనిషి. సారు చేతిలో సుద్దముక్క ఆగింది.

"అన్నలల్ల కలిసి అడివికి పోయిననాడే నాకు నీళ్లొదిలినవంట. లొంగిపోయి వచ్చిన నాయినా. పాఠంల ఏటేటా చంపుతనే ఉన్నవు, ఇంక చాలదా? ఇంట్లకు రానియ్యి."

ఆయన వెనక్కి తిరగలేదు.

"రాయుండ్రి పిల్లలూ," అన్నారు. "మళ్లొకసారి రాయుండ్రి."

పిల్లలు ఆమెను చూస్తూనే రాశారు. ఆమె బస్టాండు వైపు నడిచింది.

తప్పిపోయి వచ్చిన కొడుక్కి తండ్రి ఎదురు పరుగెత్తాడని లేఖనంలో చదివి కన్నీళ్లు పెట్టుకునే తండ్రులారా! చదివింది చాలు. బస్సు ఇంకా కదల్లేదు. లేవండి, ఈరోజే, ఈ క్షణమే పరుగెత్తండి!