ఇనుము లేని కత్తి

"ఒరే అప్పాజీ! అది పట్టుకుని గుమ్మం దాటడానికి వీల్లేదు," అంటూ సుబ్బాయమ్మ మామ్మ మనవడికి అడ్డంగా నిలబడింది.

పెళ్ళికొడుకుని చేశాక చేతిలో ఇనుము లేకుండా బయట అడుగు పెడితే గాలీ ధూళీ సోకుతుందని ఆవిడ భయం. అందుకే పెట్టె అడుగునుంచి తుప్పు పట్టిన బాకు ఒకటి తీసి తెచ్చింది. ఓడలో పనిచేసే అప్పాజీకి అది చూస్తేనే నామోషీ. అతని చేతిలో సొరచేప పళ్ళ కత్తి ఉంది. కొబ్బరి చెక్కకి రెండు వైపులా పళ్ళు పేర్చి, పీచు తాడుతో బిగించి కట్టిన కత్తి.

"ఇదీ కత్తే కదే మామ్మా! పసిఫిక్ సముద్రంలో కిరిబాటి దీవులవాళ్ళు వీటితోనే యుద్ధాలు చేసేవారు."

"చేసుకోనీ. ఇందులో ఇనుమేదిరా?"

"పిసరు కూడా లేదు. అదే దీని గొప్ప."

"గొప్ప నీకూ, గుండెదడ నాకూనా?"

ఆవిడ కళ్ళలో నీళ్ళు చూసి అప్పాజీ కాస్త తగ్గాడు. కానీ కొవ్వూరులో, పెళ్ళివారింట, కాబోయే బావమరుదుల ముందు ఈ కత్తితో దిగాలన్న సరదా మాత్రం చావలేదు. దాన్ని మంచం మీద పెట్టి భోజనానికి వెళ్ళాడు.

తిరిగొచ్చేసరికి కత్తి లేదు.

అప్పాజీ గబగబా దుప్పటి దులిపి చూశాడు. కత్తి అతనిది కాదు. ఓడలో తనతో పనిచేసే కిరిబాటి కుర్రాడు తియోతిది. వాళ్ళ ముత్తాత స్వయంగా చేసింది. 'మావాళ్ళకి చూపించి భద్రంగా తెచ్చిస్తా' అని బతిమాలి తెచ్చుకున్నాడు. మంచాల కింద, బీరువా వెనక, వంటవాళ్ళ గుండిగల మధ్య, అంతటా వెతికాడు. బయట పెళ్ళి బస్సు హారన్ మోగుతూనే ఉంది.

"పెళ్ళికొడుకు గారూ! పిఠాపురం దాటేసరికే పొద్దుపోయేలా ఉందండీ!" డ్రైవరు కేక పెట్టాడు.

అప్పాజీ కూర్చోలేడు, నిలబడలేడు. ఇక తియోతికి ఏ మొహం పెట్టుకుని కనిపించాలి?

"మామ్మా! అది నాది కాదు, అడిగి తెచ్చుకున్నది. నువ్వుగానీ కాలవలో పారేశావా?"

"అయ్యో, ఎంత మాట! పరాయివాళ్ళ వస్తువు పారేస్తానట్రా?"

మామ్మ వెనక గదిలోకి వెళ్ళి, పిడి ఒక్కటే బయటికి కనిపించేలా కొత్త తువ్వాలులో చుట్టిన కత్తి తెచ్చి అతని చేతిలో పెట్టింది. పిడికి చుట్టిన పీచు తాడు వేళ్ళకి తగలగానే అప్పాజీకి పోయిన ప్రాణం లేచొచ్చింది. మామ్మ మొహం కూడా వెలిగిపోతోంది.

"పెళ్ళిపూట నీ సరదా కాదనడం ఎందుకని వడ్రంగిని పిలిపించానురా. ఆ చచ్చిన చేప పళ్ళన్నీ పీకించేసి, ఒక్కో పంటి చోటా ఒక్కో ఇనుప మేకు కొట్టించాను!"