వెనక నుంచి వచ్చిన బలం

సైకిలు యాత్రలో మూడో రోజు, క్లిఫ్డెన్ ఊరు దాటి సముద్రం పక్కనున్న ఎత్తు ఎక్కుతుంటే, సైకిలు ఒక్కసారిగా తేలికైపోయింది. నా డెబ్బై నాలుగేళ్ల కాళ్లకు అంత సత్తా ఎక్కడిది! ఎవరో వెనక నుంచి తోస్తున్నట్టుంది. వెనక సీటులో ఉన్నది నా కూతురు ఊనా ఒక్కతే.

"తొక్కుతున్నావే తల్లీ!" అని అరిచాను.

ఇద్దరు తొక్కే సైకిలు మాది. నేను తొక్కితే వెనక పెడళ్లూ తిరుగుతాయి, వాటికి తోలు పట్టీలతో కట్టిన ఊనా పాదాలూ తిరుగుతాయి. ఆ కాళ్లలోకి ఇక బలం రాదని డాక్టరు మార్చిలోనే చెప్పేశాడు. డాక్టరుకేం తెలుసు, పాపం!

"నేనా? నాకేం తెలియట్లేదే నాన్నా."

"నాకు తెలుస్తోందిగా! ఇంకాస్త తొక్కు!"

"అలా అరవకు. గొర్రెలు బెదిరి గోడ దూకుతున్నాయి," అని నవ్వింది. ఆ నవ్వు విని ఎన్నాళ్లయిందో! మేరీమాతకీ, దారిలో కనబడ్డ ప్రతి గొర్రెకీ దండం పెట్టుకున్నాను.

పైకి చేరి, కింద సరస్సు కనబడగానే ఆగాను. ఊనా మెడలోని మఫ్లరు కొస వెనక నుంచి నా భుజం మీదుగా వచ్చి, నా ముందు జెండాలా రెపరెపలాడింది. సముద్రపు గాలి మా వెనక నుంచి వీస్తోంది.

సరస్సు చుట్టి వెనక్కి తిరిగాం. ఇప్పుడు గాలి ఎదురు.

"ఇప్పుడూ తొక్కుతున్నానా, నాన్నా?"

ఒంటి బరువంతా పెడళ్ల మీద వేసి, పళ్లు బిగించాను.

"మెల్లగా తొక్కవే తల్లీ," అన్నాను. "నన్ను పడేసేలా ఉన్నావు."