ఫొటోకి వేసిన దండ

"అది కావాలి," అంది లక్ష్మీప్రియ, చాప నిండా పరిచిన గొలుసులన్నీ వదిలేసి గోడకేసి చూపిస్తూ.

గోడ మీద అమ్మణి మొగుడి ఫొటో ఉంది. పెళ్ళినాటి స్టూడియో ఫొటో. నల్లటి మీసం, ఒత్తు జుట్టు, అరువు కోటు. ఆ పిల్ల చూపించింది ఫొటోని కాదు, దానికి వేసిన పూసల దండని.

"అది అమ్మేది కాదు మేడం," అన్నాడు యతిరాజులు మూలనుంచి. బట్టతల, నెరిసిన గడ్డం, ఒళ్ళో సూదీ దారం.

"ఈయనెవరు?"

"మా మరిది," అంది అమ్మణి గబగబా. "పూసలకు బెజ్జాలేసి ఇస్తాడు. అంతే. గుచ్చేదంతా నేనే."

"పోలికలు ఉండాయి," అంది లక్ష్మీప్రియ ఫొటో వైపు చూసి.

"ఒక కడుపున పుట్టినోళ్ళు గదా."

యతిరాజులు చేతిలో సూది ఆగింది, మళ్ళీ కదిలింది. ఆ ఇంట్లో పూస గుచ్చేది ఎవరో తొండియార్‌పేటలో ఆ వీధికంతా తెలుసు. వీధిని అడిగేదెవరు? మొగుడు పోయిన ఆడవాళ్ళు చేసిన నగలే అమ్ముతుంది లక్ష్మీప్రియ కంపెనీ. మగవాడి చేతిపనికి వాళ్ళ దగ్గర చోటు లేదు. ప్యారిస్ బజారు కొట్లవాళ్ళు మిషన్ పూసలు మరిగి అతని మొహం చూడటం మానేశారు. షోళింగనల్లూరు నుంచి వచ్చిన ఈ పిల్ల సరేనంటే ఇంటికి పని దొరుకుతుంది. కాదంటే సూదీ దారం చుట్టి పెట్టుకోవాల్సిందే.

"ముందు వీడియో తీసేద్దాం," అన్నాడు కెమెరా పట్టుకున్న నితిన్. "అన్నా, కొంచెం జరగండి. ఫ్రేములో పడతా ఉండారు."

యతిరాజులు జరిగాడు. ఇంకా, ఇంకా అని నితిన్ చెయ్యి ఊపాడు. అతను గుమ్మం దాటాక గాని ఫ్రేము బాగుపడలేదు.

"చెప్పండక్కా. సార్ పేరేంది?"

"మొగుడి పేరు నోటితో ఎట్ట చెప్తాం అబ్బయ్యా?"

"అన్నా, మీరు చెప్పండి."

"పోయినోడికి పేరెందుకు?" అన్నాడు యతిరాజులు బయటినుంచి.

"సెరి, పరవాలేదు. ఆయన పోయినప్పుడు మీకు ఎట్టా ఉండిందో చెప్పండక్కా. కొంచెం ఏడిస్తే బాగుంటాది."

అమ్మణికి ఏడుపు రాలేదు, నవ్వొచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నితిన్ మళ్ళీ తీశాడు. మళ్ళీ నవ్వింది.

లక్ష్మీప్రియ ఫోన్‌లో టైము చూసుకుంది. "అక్కా, ఇట్టయితే కష్టం. వ్యాసర్పాడిలో ఇంకో ఆవిడ ఉంది. మాకోసం చూస్తా ఉంది."

యతిరాజులు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"వదినా," అన్నాడు. ఆ మాట వంకరగా వచ్చింది. "ఇన్నేళ్ళు కాపురం చేసినావే, ఆ మనిషి నీకేం పెట్టినాడు? ఊళ్ళో ఆడోళ్ళందరికీ పూసలు గుచ్చి ఇచ్చినాడు. నీ మెడకి ఒక్క దండన్నా గుచ్చినాడా?"

అమ్మణి అతనికేసి చూసింది. నవ్వు అక్కడే ఆగిపోయింది. కళ్ళు నిండాయి. ఆపుకోబోయింది గాని ఆగలేదు.

"అట్ట అనొద్దు," అంది వెక్కుతూ. "మంచోడే. చేతగాని మంచోడు."

"సూపర్ అక్కా!" అన్నాడు నితిన్.

ఇక దండ దగ్గరికి వచ్చింది లక్ష్మీప్రియ. ఈతగింజలు, కొబ్బరిచిప్ప బిళ్ళలు, కాల్చిన మట్టిపూసలు, నడుమ నడుమ సముద్రపు గవ్వలు. ఒకదానికొకటి ఏ చుట్టరికమూ లేదు. అయినా ఒకే తల్లి పిల్లల్లాగా సర్దుకుని కూర్చున్నాయి.

"దీంతోనే మొదలుపెడతాం. ఇది ఇస్తేనే మిగతావి తీసుకుంటా."

"పోయినోళ్ళకేసిన దండ బతికినోళ్ళు మెడలో ఏసుకుంటారా మేడం?" అన్నాడు యతిరాజులు.

"దానికే జనం పడిపోతారన్నా. సెంటిమెంటు!"

"మనసు పెట్టి గుచ్చిన దండ మేడం అది. పెండ్లినాడు తప్పితే ఆ మనిషికి ఎవురూ దండేసింది లేదు. పోయినాకన్నా బాగా కనపడాలని..."

"పోయినోడికేం తెలస్తాది మరిదీ సొగసు?" అంది అమ్మణి. కళ్ళు ఇంకా తడిగానే ఉన్నాయి. "తీసిచ్చెయ్. బతికినోళ్ళు తినాల గదా."

యతిరాజులు స్టూలెక్కాడు. దండ తీసి, దుమ్ము లేకపోయినా తువ్వాలుతో తుడిచి, ఆ పిల్ల చేతికిచ్చాడు. ఆమె అక్కడే మెడలో వేసుకుని ఫోన్‌లో తన్ను చూసుకుంది. బాగుంది. ఆ మాట అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు.

"వచ్చే వారం మళ్ళీ వస్తాం," అంది చెప్పులేసుకుంటూ. "ఫొటోకి ఇంకో దండ వేసి పెట్టండి. బోసిగా ఉంటే వీడియోలో బాగుండదు."

కారు సందు మలుపు తిరిగింది. అమ్మణి తలుపు గడియ పెట్టింది.

"ఈ తూరి ఏదో ఒకటి గుచ్చి పడెయ్. బాగుంటే అదీ అడుగుతాది."

"ఏదో ఒకటి గుచ్చేది నాకు రాదు."

యతిరాజులు గవ్వల డబ్బా దగ్గరికి లాక్కున్నాడు. దారానికి మైనం రాశాడు. దండ ఎంత పొడుగుండాలో తెలుసుకోడానికి అతను ఫొటోకేసి చూడలేదు.

ఆ ఫొటో అతనిదే.