కోడి కాలు, పందికొక్కు పాతర

కథ రాయడం నాకిదే మొదలు, తప్పులుంటే సర్దుకుని చదవండి.

ఒక పెరట్లో పక్షులన్నీ రోజూ కొన్ని గింజలు తెచ్చి పందికొక్కు కాపలా కాసే పాతరలో వేసేవి. ఎవరికి జబ్బు చేసినా, వైద్యం చేసే పావురానికి ఆ గింజలే కూలి.

ఒకసారి నల్లకోడి కాల్లో ముల్లు దిగి బాగా వాచింది.

"రోజూ ఆకు నూరి కట్టు కడితే తగ్గిపోతుంది వదినా," అంది పావురం.

పందికొక్కు మాత్రం ఒప్పుకోలేదు.

"రోజూ కట్లంటే పాతర ఏం కావాలి? కాలు ఒక్కసారే తీయించేసుకో, దానికైతే ఇస్తా."

"తీసేస్తే మళ్ళీ మొలుస్తుందా తమ్ముడూ? నువ్వు నా కాలు చూడనైనా లేదే!"

"కాలు చూడ్డమెందుకు, పాతర చూసుకుంటున్నాగా. ఆపైన నీ ఇష్టం అక్కా, నేనేమైనా బలవంతం చేశానా?" అని పందికొక్కు పొట్ట నిమురుకుంది.

కోడికి పోట్లాడే ఓపిక లేకపోయింది. కుంటుకుంటూ తిరిగొచ్చి, "కట్టే కట్టమ్మా. నీ కూలి నేనే ఏరుకొస్తా," అంది పావురంతో.

మర్నాడు పొద్దున్నే కట్టుకాలు పైకెత్తుకుని, పడిపోకుండా రెక్కలు నేలకి ఆనించి, ఒట్టి ముక్కుతోనే మట్టి తవ్వడం మొదలుపెట్టింది.